చెట్టు కిందికి పోవద్దని చెప్పడం

మే నెలలో మధ్యాహ్నం దాటితే నేను ఇంట్లో కుదురుగా కూర్చోలేను. రిటైరై ఏళ్లు గడిచినా ఈ అలవాటు పోలేదు. అన్నం తిని చెయ్యి కడుక్కోగానే మేడ మీదికి పోయి ఉదయగిరి దుర్గం కొండ వైపు చూస్తాను. కొండ నెత్తిన చిన్న తెల్లమబ్బు ఉంటుంది. అది అక్కడే కరిగిపోతుందా, గోపురంలా పైకి పెరుగుతుందా అని చూస్తూ నిలబడతాను. పెరగడం మొదలైతే కాళ్లు ఒకచోట ఆగవు. కిందికి దిగుతాను, నీళ్లు తాగుతాను, మళ్లీ పైకెక్కుతాను. "ఇంకా ఎవరి గొర్రెలు కాయాలి నువ్వు?" అని మా ఆయన విసుక్కుంటారు.

నేను పశువుల డాక్టరుగా పనిచేశాను. పుట్టింది ఉదయగిరిలోనే. ఉద్యోగంలో ఎక్కువ భాగం ఉదయగిరి, కొండాపురం, ఆత్మకూరు చుట్టుపక్కలే గడిచింది. కొత్తగా ఈ పనిలోకి వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొస్తారు. అడ్డం తిరిగిన దూడను ఎలా తీశారు, పాము కరిచిన ఎద్దును ఎలా బతికించారు అని అడుగుతారు. అవి పుస్తకాల్లో ఉన్నాయి. ఈ మెట్ట ప్రాంతంలో గొర్రెల డాక్టరుకు సగం పని ఆకాశంతోనే అన్న సంగతి మాత్రం పుస్తకాల్లో ఉండదు. మేత, కడుపులో నట్ట పురుగులు, రోగాలు, ఈతలు అన్నీ వానను బట్టే నడుస్తాయి. చావులు కూడా కొన్ని. ఆ సంగతే రాస్తాను. అది చెప్పాలంటే చెంచమ్మ గురించి చెప్పాలి.

చింతచెట్టు కింద

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, ఒక మే నెల సాయంత్రం, కొండ కింద పల్లె నుంచి కబురొచ్చింది. పిడుగు పడి పెంచలయ్య అనే కాపరి గొర్రెలు చచ్చిపోయాయని. మోపెడ్ మీద పోయేసరికి వాన వెలిసింది. పొలాల మధ్య పెద్ద చింతచెట్టు. దాని కింద గొర్రెలు గుంపుగా పడున్నాయి, నిద్రపోతున్నట్టు. చెట్టు బోదె మీద పైనుంచి కిందిదాకా బెరడు ఒక చీలికగా లేచిపోయి లోపలి కొయ్య తెల్లగా కనిపిస్తోంది. పెంచలయ్య ఆ బోదెకు ఆనుకుని కూర్చుని ఉన్నాడట. జీపులో ఆత్మకూరు తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయిందని అప్పటికే తెలిసింది.

అతని భార్య చెంచమ్మ గొర్రెల మధ్య కూర్చుని ఉంది. ముప్పై ఏళ్లుంటాయేమో. ఏడవడం లేదు. నేను ఒక్కో గొర్రెనూ తిప్పి చూస్తుంటే నా చేతుల వంకే చూస్తోంది. కాసేపటికి అడిగింది.

"డాక్టరమ్మా, పిడుగు చెట్టు మీద గదా పడింది. వీటి మీద కాలిన మచ్చ గూడా లేదు. మరి ఇయ్యెట్టా చచ్చిపొయినాయి?"

చుట్టూ నిలబడినవాళ్లు ఎవరికి తోచింది వాళ్లు చెబుతున్నారు. ఆ చెట్టు మంచిది కాదని ఒకరు, వాళ్లింట్లో మొక్కు బాకీ ఉండాదని ఇంకొకరు. ఎలా చచ్చిపోయాయని అడిగింది ఆమె ఒక్కతే. నేను పుల్ల తీసుకుని తడినేల మీద గీసి చెప్పాను. పిడుగు చెట్టు మీద పడి అక్కడే ఆగిపోదు. వేళ్ల వెంట నేలలోకి దిగి చుట్టూ పాకుతుంది. చెట్టు దగ్గర బలం ఎక్కువ, దూరం పోయేకొద్దీ తక్కువ. గొర్రె ముందుకాళ్లు చెట్టు వైపు, వెనక్కాళ్లు బయటి వైపు ఉంటే, ఆ రెండింటి మధ్య తేడా ఉంటుంది గనక కరెంటు ఒక జత కాళ్ల గుండా ఎక్కి, గుండె మీదుగా పోయి, ఇంకో జత గుండా దిగుతుంది. కాళ్ల మధ్య ఎడం ఎంత ఎక్కువైతే దెబ్బ అంత పెద్దది. అందుకే నాలుగు కాళ్ల జీవాలు ఇట్లా మంద మందగా పోతాయి. మనిషి బోదెకు ఆనుకుని ఉంటే కొయ్యకంటే మనిషి ఒళ్లే కరెంటుకు తేలిక దారి.

ఆమె నేల మీది గీతల వెంట వేలు జరిపింది. తర్వాత అంది: "అయితే చెట్టు కిందికి పోకుండా ఉంటే బతికేవోడా?"

"బతికేవాడేమో," అన్నాను.

"ఏమో అంటే ఏంది?"

ఖాళీ చేలో నిలబడినా పిడుగు పడొచ్చు. చెట్టు కిందకంటే ముప్పు తక్కువ అనగలనే గానీ, ముప్పు లేదని అనలేను. అప్పటినుంచి రిటైరయ్యే దాకా ఈ ప్రాంతంలో నేను చెప్పిన ప్రతి వాతావరణం మాటకూ ఆ 'ఏమో' తోకలా వెంటబడింది.

మన శాఖ పని కాదు

పల్లె పల్లెకూ పోయి పిడుగుల సంగతి చెప్పాలనుకున్నాను. టీకాలు వేసేటప్పుడు కాపర్లంతా ఒకచోట దొరుకుతారు, అప్పుడే చెబితే సరిపోతుంది. ఆత్మకూరులో ఉండే మా పై అధికారి ఒప్పుకోలేదు. మంచి వైద్యుడాయన. పశువు ఒంటి మీద చెయ్యి వేస్తే జ్వరం ఎంతో చెప్పగలిగేవాడు. కోపం లేకుండానే అన్నాడు.

"చూడమ్మా, వాన మన శాఖ పని కాదు. ఇవాళ నువ్వు పిడుగు పడుద్దంటావు. పడదు. రేపు అదే నోటితో చిటుకు రోగం వస్తది, చిటికెలో గొర్రెలు పోతాయి, టీకా వేయించుకోండంటావు. అప్పుడు నమ్ముతారా?"

"చెప్పకపోతే చచ్చిపోతున్నారు గదా సార్."

"టీకా వద్దంటే ఒక్క మంద కాదు, ఊళ్లో మందలన్నీ పోతాయి. ఆలోచించు."

ఆయన భయం ఉత్తది కాదు. అది తర్వాత చూశాను. అయినా నోరు మూసుకుని ఉండలేకపోయాను. టీకా పని అయిపోయాక, సిరంజీలు కడుక్కుంటూ, మామూలు మాటల్లో మాటగా చెప్పడం మొదలుపెట్టాను. మీలో ఎవరికైనా పై అధికారి ఇలా అడ్డుపడితే, ఆయన్ని మూర్ఖుడనుకోకండి. ఆయన చెప్పిన నష్టాన్ని కూడా లెక్కలో వేసుకుని, ఆ తర్వాత మీకు సరి అనిపించింది చేయండి.

గుర్తులు

చెప్పడం మొదలుపెట్టాక వినడం కూడా తప్పలేదు. ప్రతి కాపరి దగ్గరా వాన గుర్తులు పది ఉంటాయి. చదువుకున్నవాళ్లు రెండు రకాల తప్పులు చేస్తారు. అంతా మూఢనమ్మకమని కొట్టిపారేయడం ఒకటి, పెద్దలు చెప్పిందంతా సైన్సేనని నెత్తికెత్తుకోవడం ఇంకొకటి. ఈ రెండోది ఇప్పుడు ఎక్కువైంది. ఒక్కో గుర్తునూ పట్టుకుని ఇది ఎందుకు అని అడగాలి.

మా అబ్బా, అంటే మా నాన్న, కొయ్య గరిటెలు, చెంచాలు చెక్కేవాడు. కొయ్య డబ్బా మూత బిగుసుకుపోతే "బట్టలు లోపలెయ్యండి" అని అరిచేవాడు. గాలిలో తడి పెరిగితే కొయ్య ఆ తడిని పీల్చి ఉబ్బుతుంది. ఉప్పు చెమ్మగిల్లడం కూడా అంతే. అంతవరకు నిజం. అయితే తడి ఉన్నంత మాత్రాన వాన రాదు. ఆ తడిగాలిని పైకి లేపేది ఏదో ఉండాలి. లేకపోతే ఒళ్లు జిగటగా చెమట పోయడమే మిగులుతుంది. అబ్బా మాట విని మేము బట్టలు లోపల వేసిన రోజుల్లో సగం రోజులు వాన రాలేదు.

తూనీగలు నేలకు దగ్గరగా ఎగిరితే వాన అంటారు. గాలిలో తడి పెరిగి ఈదురుగాలి వీచినప్పుడు చిన్న పురుగులు కిందికి దిగుతాయి, వాటిని తినే తూనీగలూ దిగుతాయి. కొంత నిజముంది. చీమలు గుడ్లు మోసుకుపోతే వాన అనేది మాత్రం నేను నమ్మను. ఎండకు పుట్ట వేడెక్కినా మోస్తాయి, మనం తొక్కినా మోస్తాయి. వాన వచ్చిన రోజు మనకు గుర్తుంటుంది, రాని రోజు గుర్తుండదు.

చంద్రుడి చుట్టూ వలయంలా గుడి కడితే వాన అనేదానికి కారణం ఉంది. పెద్ద గుడి చాలా ఎత్తున ఉన్న పలుచని మబ్బులోని మంచు రవ్వల వల్ల వస్తుంది. కార్తీకం రోజుల్లో బంగాళాఖాతంలో వాయుగుండం ఉంటే దాని అంచు మబ్బులు ముందుగా మన మీదికి పరుచుకుంటాయి. అప్పుడు పెద్ద గుడి కడితే, ఒకటి రెండు రోజుల్లో వాన రావచ్చు. అదే గుడి ఏప్రిల్లో కడితే ఏ అర్థమూ లేదు.

కార్తెల లెక్క కూడా ఇంతే. నైరుతి గాలులు తడిపే నేలల్లో ఆ లెక్క పుట్టింది. జూన్ వచ్చేసరికి వానలని అక్కడివాళ్లు అనుకుంటారు. మనకు పడమర కొండలు అడ్డం. మన చెరువులు నిండేది దసరా దాటాక, తూర్పు నుంచి వచ్చే వానలతో. ఎక్కడి మాటనో ఇక్కడ పట్టుకుని విత్తనాలు చల్లి, మొలకలు మాడిపోయి, పంచాంగాన్ని తిట్టినవాళ్లను చూశాను. ప్రతి గుర్తుకూ ఒక ఊరు, ఒక కాలం ఉంటాయి. అవి తెలియకుండా గుర్తును నమ్మకూడదు.

పిడుగుల విషయంలో కాపర్లు రెండు పనులు చేసేవాళ్లు. ఉరుము వినగానే చేతిలోని గొడ్డలి దూరంగా పారేసేవాళ్లు, ఇనుము పిడుగును లాగుతుందని. ఆ తర్వాత పోయి చెట్టు కింద నిలబడేవాళ్లు. చేతిలో ఉన్న ఇనుము పిడుగును పిలవదు. చుట్టుపక్కల అన్నిటికంటే ఎత్తుగా ఉన్నది పిలుస్తుంది. అంటే ఆ చెట్టే.

ఇంకొకటి, ఉరిమినప్పుడు పిడుగు పడకుండా అర్జునుడి పది పేర్లు చదవడం. దీన్ని నేను మాన్పించలేదు, వాడుకున్నాను. మెరుపు వెంటనే కనిపిస్తుంది, ఉరుము శబ్దం కిలోమీటరు రావడానికి మూడు సెకన్లు పడుతుంది. "మెరుపు కనపడంగానే పేర్లు మొదలుపెట్టండి. పది పేర్లు అయ్యేలోపు ఉరిమితే పిడుగు మీ పక్క పొలంలో ఉన్నట్టే," అని చెప్పేదాన్ని. సాయిబుల అమ్మాయి అర్జునుడి పేర్లు చదవమంటోందని నవ్వేవాళ్లు. నవ్వినా నేర్చుకున్నారు. పేర్లు అయ్యాక ఉరిమితే ముప్పు లేదని మాత్రం కాదు. ఉరుము చెవిన పడిందంటేనే పిడుగుకు అందేంత దూరంలో ఉన్నామని అర్థం. ఇది ఎన్నిసార్లు చెప్పినా జనం మొదటి ముక్కే గుర్తు పెట్టుకునేవాళ్లు.

వడగళ్లు

పెంచలయ్య పోయాక చెంచమ్మ గొర్రెల్ని అమ్మేస్తుందని అందరూ అనుకున్నారు. అమ్మలేదు. మిగిలినవాటిని తనే తోలుకుపోయేది. పెంచలయ్య అన్న మాలకొండయ్య తన మందతో పాటు పక్కన మేపుకోనిచ్చాడు. కష్టజీవి, మాట కరుకు. తమ్ముడి పెళ్లానికి తోడు నిలబడ్డది ఆయనే.

నాలుగైదేళ్ల తర్వాత, మళ్లీ మే నెలలోనే, చిటుకు రోగం టీకాలు వేయడానికి వాళ్ల మందల దగ్గరికి పోయాను. ఇంటి దగ్గర దొరకరు కాబట్టి కొండ వాలుకే పోయాను. పని సగం అయ్యేసరికి దుర్గం మీద మబ్బు నల్లబడింది. గాలి ఆగిపోయింది. తర్వాత ఒక్కసారిగా చల్లగాలి కొట్టింది. ఈ చల్లగాలి వానకు మొదటి కబురు. మబ్బులోంచి జారిపడే చల్లటి గాలి నేలను తాకి, వాన కంటే ముందు పరిగెత్తుకొస్తుంది. అది ఒంటికి తగిలిందంటే ఇల్లు చేరే సమయం లేదని అర్థం.

మాలకొండయ్య రెండు వేపచెట్ల వైపు చెయ్యి చూపి "తోలు, తోలు" అన్నాడు. గొర్రెలు అప్పటికే అటు తిరిగాయి. చెంచమ్మ పరిగెత్తి వాటికి అడ్డం నిలబడింది.

"బావా, చెట్టు కిందికి నా గొర్రెలు రావు."

"పిచ్చి పట్టిందా నీకు? వడగళ్లు పడేటట్టు ఉండాది. పిల్లలు సస్తాయి."

"ఈ పల్లంలోనే ఉంటా. నువ్వు గూడా పోబాక."

ఆయన నా వంక చూశాడు. నేను చెంచమ్మ చెప్పిందే చెప్పాను. పల్లంలో, చెట్లకు దూరంగా, మందను ఒక్క ముద్దగా కాకుండా విడివిడిగా పెట్టమన్నాను. మనుషుల్ని రెండు పాదాలు దగ్గరగా పెట్టి గొంతుక్కూర్చోమన్నాను, పడుకోవద్దన్నాను. ఆయన తిట్టుకుంటూనే ఉండిపోయాడు. తమ్ముడు పోయిన తీరు ఆయనకూ గుర్తుంది.

వడగళ్లు పడ్డాయి. తల మీద టీకాల పెట్టె పెట్టుకుని కూర్చున్నాను. గొర్రెలు అరుస్తూ చెట్ల వైపే తోసుకుపోతున్నాయి. చెంచమ్మ లేచి లేచి వాటిని మళ్లిస్తోంది. కూర్చోమని అరిచాను, వినలేదు. మెరుపుకూ ఉరుముకూ మధ్య ఒక్క పేరు పలికేంత ఎడం కూడా లేదు. ఉద్యోగంలో నేను అంతగా భయపడ్డది లేదు. ఆమెకు ఏమైనా అయితే ఈ పల్లంలో కూర్చోబెట్టింది నేనే అన్న మాట బుర్రలో తిరుగుతూనే ఉంది.

వాన తగ్గింది. మనుషులం ముగ్గురం బాగానే ఉన్నాం. పెద్ద గొర్రెలూ బాగానే ఉన్నాయి. కొత్తగా పుట్టిన పిల్లలు మాత్రం బిగుసుకుపోతున్నాయి. పైటతో తుడిచాం, ఒళ్లో పెట్టుకుని రుద్దాం. కొన్ని లేచాయి. నాలుగు లేవలేదు. అందులో మూడు మాలకొండయ్యవి.

ఆయన నన్ను రమ్మని చెయ్యి ఊపి వేపచెట్ల కిందికి నడిచాడు. దట్టమైన కొమ్మల కింద, బోదెల చుట్టూ నేల పొడిగా ఉంది. కాలితో దుమ్ము రేపి చూపించాడు.

"సూడు డాక్టరమ్మా. కొమ్మ గూడా ఇరగలా. ఈడ ఉండి ఉంటే నా పిల్లలు బతికుండేయి."

నిజమే. ఆ చెట్ల మీద పిడుగు పడలేదు. ఆ రోజు పిడుగులు ఎక్కడో కొండ మీద పడ్డాయి. నేను ఏం చెప్పినా ఆ పొడి దుమ్ము ముందు నిలవదు. చెంచమ్మ చచ్చిన పిల్లను చేతుల్లో పెట్టుకునే వచ్చింది.

"ఆ పొద్దు ఆ చింతచెట్టు గూడా ఇట్నే ఉన్నింది బావా," అంది. "పిడుగు పడిందాకా."

మాలకొండయ్య మందను తోలుకుని ముందు నడిచిపోయాడు.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు ఇది గట్టిగా చెప్పాలనుకుంటాను. మందిచ్చి జ్వరం తగ్గిస్తే చేతులెత్తి దండం పెడతారు. ముప్పు రాకుండా ముందే తప్పిస్తే చూపించడానికి ఏమీ ఉండదు. మీ మాట విన్నందుకు పడిన నష్టం ఒక్కటే కంటికి కనిపిస్తుంది. చావు తప్పిందో లేదో ఎవరికీ తెలియదు, మీకు కూడా.

కొండ కాడ లేకుండా

చచ్చిన గొర్రెపిల్లల సంగతి ఊరంతా పాకి, ఆ పైయేడు ఆ పల్లెలో సగం మంది టీకాలకు గొర్రెల్ని తోలుకు రాలేదు. మా పై అధికారి నన్ను పిలిపించాడు. నేను ముందే చెప్పానని అంటాడనుకున్నాను, అనలేదు. "ఎన్ని మందలు రాలేదు?" అని మాత్రం అడిగాడు. నా మొహం చూసి, నాతో పాటు తనే పల్లెకు వచ్చి, ఇంటింటికీ తిరిగి రెండు రోజులు టీకాలు వేయించాడు. ఆ మర్యాద మర్చిపోలేను.

ఆ రెండో రోజు చెంచమ్మ ఇంటి ముందు మంచినీళ్లు తాగుతుంటే ఆమె మళ్లీ ప్రశ్న వేసింది.

"ఈ పిడుగులు ఎప్పుడు జూసినా సాయంత్రంగానే వస్తాయి. పొద్దున్నే రావే, ఎందుకని?"

చెప్పాను. పొద్దంతా నేల కాలి దాని మీది గాలి వేడెక్కి లేస్తుంది. మధ్యాహ్నం దాటాక సముద్రం వైపు నుంచి తడిగాలి మన దాకా వస్తుంది. కడప వైపు నుంచి పొడి వడగాలి వస్తుంది. రెండూ ఈ కొండల దగ్గర ఎదురుపడితే తడిగాలికి పైకి పోవడమే దారి. అట్లా ఎత్తుకు పోయిన మబ్బులో వడగళ్లు, మంచు రవ్వలు రాసుకుని కరెంటు పుడుతుంది. అందుకే మే నెల పిడుగులు ఎక్కువగా మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా.

ఆమె గుమ్మం మీద కూర్చుంది.

"చెట్టు కిందా వద్దు, బయలులోనూ వద్దు అంటా ఉండావు. అయితే ఆ టైముకు కొండ కాడ లేకుండా ఉంటే పోలా?"

"మేత చాలుతుందా?"

"చీకటితోనే తోలితే చాలుద్ది. మిట్టమధ్యాన్నం ఎట్టా తినవు, నీడకు పడుంటాయి. ఆ నీడేదో ఇంటి కాడే ఇస్తా."

ఇన్నేళ్లూ నేను మబ్బు వచ్చాక ఎక్కడ నిలబడాలో చెబుతూ వచ్చాను. అసలు నిలబడే పని లేకుండా చేయడం మేమిద్దరం కూర్చుని మాట్లాడుకుంటేనే తేలింది. మర్నాటి నుంచి ఎండాకాలమంతా ఆమె తెల్లవారక ముందే మందను తోలడం, మధ్యాహ్నానికి ముందే కొట్టంలోకి చేర్చడం మొదలుపెట్టింది. మొదట్లో కొట్టంలో ఈగలు ముసిరాయి, నీళ్లు మోయలేక నడుం పట్టేసింది. నన్ను తిట్టింది కూడా. మానలేదు.

పోయిన ఎండాకాలం ఒక పెళ్లికి పోతూ ఆ పల్లెలో ఆగాను. చెంచమ్మ వయసు మీద పడినా ఇంకా నాలుగు గొర్రెల్ని పెట్టుకుంది. రెండు గంటలు దాటుతోంది. మాలకొండయ్య ముసలివాడైపోయి ఆమె ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. పక్కనే ఆయన కొట్టంలో మంద నిండుగా ఉంది. ఆ వేళప్పుడు ఆయన మంద ఇంటి పట్టున ఉండగా నేను ఎన్నడూ చూడలేదు. ఆయన జేబులోని ఫోను మోగింది. పిడుగుల హెచ్చరిక. నన్ను చదివి వినిపించమన్నాడు, వినిపించాను.

"మండలమంతా అంటది అది," అన్నాడు. "మండలం ఎంతుండాది, మా కొండ ఏడుండాది. దానికేం తెలుసు?"

"మరి మంద ఇంటి కాడే ఉందే మాలకొండయ్యా?"

"ఎండకు తాళలేక తోలకొచ్చినాం. ఇంకేం లేదు."

"ఈ ఒక్క రోజేనా?"

"ఎండలు ముదిరినప్పటి నుంచి," అన్నాడు విసుగ్గా. చెంచమ్మ లోపలి నుంచి నవ్వడం వినిపించింది. ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లేచాడు, అరుగు దిగి వీధిలోకి పోయి, అరచెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని దుర్గం వైపు చూశాడు. వచ్చి కూర్చున్నాడు. కాసేపటికి మళ్లీ లేచాడు.